ఏరియల్ పీకి విన్న మాట

ఒళ్లో ల్యాప్‌టాప్ సంచి, సంచి మీద రెండు చేతులు, అంతర్వేది బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. కూర్చున్నానని తెలుస్తోంది గానీ కూర్చున్నవాణ్ణి నేనేనని అంత గట్టిగా తెలియడం లేదు, పన్ను పీకే ముందు చిగుట్లో సూది పొడిచాక పెదవి ఉంటుంది, మనది కాదు, అలాగ ఒళ్లంతా. కండక్టరు వచ్చి ఎక్కడికండీ అంటే అంతర్వేది అన్నాను, అంతే అన్నాను. మామూలు రోజైతే "ఒక అంతర్వేదన కొట్టండి, వేదనకి విడిగా టిక్కెట్టు లేదు కదా" అని, ఆయన నవ్వేదాకా చిల్లర తీసేవాణ్ణి కాదు. ఇవాళా ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది, వచ్చి, బయట ఎవరూ లేరని చూసినట్టు వెనక్కి పోయింది. అమలాపురంలో నా రేడియో కొట్టు ముందు నుంచే బస్సు వెళ్లింది, షట్టరు దించి ఉంది, షట్టరు మీద నేనే రాయించుకున్న అక్షరాలు, సుబ్రహ్మణ్యేశ్వరరావు, రేడియో వైద్యులు. ఈ పేరు పూర్తిగా పలికేలోపు బ్యాటరీ అయిపోతుందని సర్కారువారు జాలిపడి నాకు గాల్లో పిలుచుకోడానికి పొట్టి పేరు, కాల్‌సైన్, ఇచ్చారని హ్యామ్ రేడియో మిత్రులందరికీ చెబుతుంటాను, ఎన్నిసార్లు చెప్పినా గాలికి అవతల ఎవడో ఒకడు నవ్వుతాడు, నవ్వు గరగరలో కలిసి వస్తుంది, నవ్వో గరగరో తెలియదు, నవ్వనే అనుకుంటాను. అలా అనుకోవడం అలవాటై ఉండాలి నాకు.

పొద్దున్న బయల్దేరుతుంటే మా ఆవిడ భవానీదేవి గుమ్మంలో నిలబడి, "అక్కడికెళ్లి మాటల గారడీ చెయ్యకండి. ఉన్నదున్నట్టు చెప్పేసి వచ్చెయ్యండి, ఏం?" అంది. ఆయ్ అనబోయాను. పుట్టినప్పటినుంచీ అంటున్న మాటే, పెద్దలు పిలిస్తే ఆయ్, కొట్టుకొచ్చినవాడు బాగవుతుందాండీ అంటే ఆయ్, పెళ్లిలో బ్రహ్మగారు ఏదో అంటే ఆయ్. ఈ గోదారి మధ్య దీవుల్లో ఊపిరి తర్వాత ఎక్కువగా వాడేది అదే. పొద్దున్న మాత్రం "ఆ" దాకా వచ్చి ఆగిపోయింది. తల ఊపాను. ఆ మాట ఇప్పుడు నాది కాదు, బుల్లిరాజుది, బుల్లిరాజుదీ కాదు, అది చెప్పడానికే వెళుతున్నాను.

పేరూరు దాటింది బస్సు. అరటి గెలలు కట్టిన సైకిలు ఒకటి బస్సుతో పాటే కాసేపు నడిచి వెనకబడింది. బుల్లిరాజు పడవ నది సముద్రంలో కలిసేచోట, అన్నాచెల్లెళ్ల గట్టుకి కాస్త అవతల, తిరగబడింది. వాయుగుండం వస్తోందని మైకులో చెప్పారు, పడవలన్నీ తిరిగొచ్చాయి, వాడిదీ తిరిగొస్తూనే ఉంది, ఒడ్డు కనిపిస్తూ ఉండగా తిరగబడింది. తిరిగిరావడంలోనూ తిరగబడడంలోనూ తిరగడం ఒక్కటే కదా అంటోంది బుర్ర, నేను అనడం లేదు, అదే అంటోంది, కోడి తల తెగాక కూడా కాసేపు పరిగెట్టినట్టు. పడవలో ఉన్న మిగతా ఇద్దరూ డీజిలు డబ్బాలు కరుచుకుని ఒడ్డుకి చేరారు. బుల్లిరాజు చేరలేదు. నడుముకి మాత్రం నా కొట్లో కొన్న వాకీటాకీ సెట్టు కట్టుకుని ఉన్నాడట. "నీళ్లలో తేలుతుంది బుల్లిరాజూ, తడిసినా చావదు" అని అమ్మేటప్పుడు నేనే చెప్పాను. "మరి నేనండీ?" అన్నాడు. "నీకు గ్యారంటీ కార్డు లేదుగా" అన్నాను. కొట్లో అందరూ నవ్వారు, వాడు అందరికంటే పెద్దగా. ఇది తలుచుకుంటే గుండెల్లో ఏదో అవ్వాలి. అవుతుందేమోనని ఆగి చూశాను. బోడసకుర్రు వంతెన వచ్చింది. కింద వైనతేయ నిండుగా, మట్టిరంగులో, ఏమీ కానట్టు పోతోంది. నేనూ అలాగే చూశాను దాన్ని.

వాడి అన్న కొండబాబు ఆ సాయంత్రమే ఫోన్ చేశాడు. "గురువుగారండీ, మావోడి నడుముకి మీ సెట్టుందండీ. ఏదైనా వినపడతాదేమో చూడండి." వెళ్లాను. కొండబాబు డాబా మీద వెదురు కట్టి, వెదురు కొసన ఏరియల్ కట్టి, తీగ కిందికి దించి, నా వేలెడు డబ్బాకి తగిలించాను. పూర్వం రేడియో అంటే ఒక పెట్టె, లోపల తీగచుట్టలు, బల్బులు, బొద్దింకలు. ఇప్పుడు వేలెడు ముక్క. ల్యాప్‌టాప్‌కి గుచ్చితే ఆకాశాన్ని అంకెలుగా మార్చి లోపల పోస్తుంది, మిగతా రేడియో అంతా మనం రాసుకోవడమే. తెర మీద గళ్లు, గడికీ గడికీ మధ్య గీతలు. ఒక్కో గడినీ బ్లాక్ అంటారు. ఒక బ్లాక్ వడపోస్తుంది, ఒకటి పెంచుతుంది, ఒకటి అంకెల్ని మళ్లీ చప్పుడు చేస్తుంది. వడపోత అన్నప్పుడల్లా మా ఆవిడ మినప్పప్పు నానబోసిందా అని చూసేవాణ్ణి. మనకి కావలసిన బ్లాక్ ఎవరూ చేసి పెట్టకపోతే మనమే కోడు రాసుకుని చేసుకోవాలి. "కూడు పెట్టని కోడు" అంటుంది భవాని, ఇంట్లో ఆ ఒక్క మాటా నాకంటే ముందు తను అనేసింది, దానికి ఇప్పటికీ కుళ్లు నాకు.

పడవలవాళ్లు మాట్లాడుకునే ఛానెల్ మొత్తం రికార్డు చేస్తూ కూర్చున్నాను. మామూలు బ్లాకుల్లో వేస్తే గరగర. ఇంకా సన్నగా వడపోస్తే సన్న గరగర. అప్పుడు నాకో ఆలోచన వచ్చింది, ఆలోచన వచ్చినప్పుడు ఎంత సంతోషపడ్డానో అది మాత్రం గుర్తుంది, ఎవడో పోయాడన్న సంగతి మరిచిపోయేంత. జనంలో ఒక మనిషిని వెతకాలంటే ఆ మనిషి మొహం తెలియాలి కదా, గరగరలో బుల్లిరాజు గొంతు వెతకాలంటే ఆ గొంతు నా బ్లాకుకి తెలియాలి. నా ఫోన్లో వాడు పంపిన మాటలున్నాయి, రాయడం బద్ధకం వాడికి, అన్నీ నోటితోనే పంపేవాడు. "గురువుగారండీ, ఆయ్, సెట్టు మళ్లీ గరగరమంటందండీ. ఆయ్. వత్తన్నానండీ, ఆయ్." అన్నిట్లోనూ ఇదే, వాడికి నాతో ఉన్న గొడవంతా గరగరే. ఆ మాటల్ని ముక్కలు చేసి, ఆ గొంతు ఎక్కడ లేస్తుందో ఎక్కడ వంగుతుందో బ్లాకులో పోశాను. వచ్చిన ప్రతి ముక్కనీ ఆ గొంతుతో పోల్చి చూడు, ఏ కాస్త పోలిక ఉన్నా పైకెత్తు, లేకపోతే అణిచెయ్. అంతే రాశాను. చిన్న కోడు. ఇంత చిన్నదీ ఇంత చక్కనిదీ నేనెప్పుడూ రాయలేదు. రికార్డింగంతా అందులో పోసి, హెడ్‌ఫోన్ చెవులకి తగిలించుకుని విన్నాను. విన్నాను, విన్నాను, మధ్యలో, నూతిలోంచి వచ్చినట్టు, ఆయ్. ఇంకాస్సేపటికి, వత్తన్నా.

పాశర్లపూడిలో ఎక్కినావిడ నా పక్కన కూర్చుని, సంచి తనకి తగులుతోందని మోచేత్తో తోసింది. "అందులో ఏముందండీ, అంత భద్రంగా?" అంది. "ఒక మనిషి" అన్నాను. నా మొహం చూసి, పరాచికం కాదని అనుకుందో పిచ్చివాడనుకుందో, కాస్త అవతలికి జరిగి కూర్చుంది. నా జీవితంలో నవ్వించకుండా వదిలేసిన మొదటి ప్రయాణికురాలు.

విన్నవాణ్ణి విన్నట్టే, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని, డాబా మెట్లు దిగి బుల్లిరాజు పెళ్లాం దగ్గరికి పరిగెత్తాను. వీరలక్ష్మి గోడకి ఆనుకుని కూర్చుని ఉంది, చుట్టూ ఆడవాళ్లు. హెడ్‌ఫోన్ తీసి ఆమె చెవులకి పెట్టాను. ఆమె మొహంలో ఏం జరిగిందో చెప్పడానికి నాకు మాట లేదు, ఉన్న మాటలన్నీ నవ్వించడానికి అరగదీసినవే. "ఆయనే," అంది. "అన్నయ్యగారూ, ఆయనేనండీ. వత్తన్నా అంటన్నారు." లేచి మొహం కడుక్కుంది. పొయ్యి వెలిగించి బియ్యం కడిగింది. కొండబాబు పడవ తీశాడు, ఇంకో పడవ కూడా వెళ్లింది, తిరిగొచ్చాయి, మర్నాడూ వెళ్లాయి, ఆ మర్నాడూ. చెయ్యి పట్టుకుని మా రేడియో గురువుగారు లేకపోతే ఏమైపోదుమండీ అన్నారు ఎవరో. నేనేదో అన్నాను, నవ్వారు. ఏమన్నానో గుర్తు లేదు, బాగా పేలింది.

తాటిపాక. బస్సు చాలాసేపు ఆగింది. కొట్టుకి తిరిగొచ్చాక ఒక మధ్యాహ్నం ఎవరిదో స్టీరియో విప్పి కూర్చున్నాను, ల్యాప్‌టాప్ పక్క బల్ల మీద నడుస్తూనే ఉంది, బుల్లిరాజు బ్లాకుతో సహా, ఆపడం మరిచిపోయాను. వెనకనుంచి "ఆయ్" అని వినబడింది. "రావోయ్, కూర్చో" అన్నాను, స్క్రూడ్రైవరు దించకుండా, తల ఎత్తకుండా. ఎప్పుడూ అలాగే వచ్చేవాడు, గుమ్మంలోనే ఆయ్ అంటూ, వచ్చాడు, స్టూలు లాక్కుంటాడు, అనుకున్నాను, అంతసేపూ, ఒక మర ఊడదీసేంతసేపూ, బుల్లిరాజు బతికే ఉన్నాడు. తర్వాత తలెత్తాను. స్టూలు మీద ఎవరూ లేరు. ఏరియల్ తీగ ఊడి నేల మీద పడి ఉంది. తీగ లేదు, గాలి లేదు, ఛానెల్ లేదు, అంతర్వేది సముద్రం ముప్పై మైళ్ల అవతల ఉంది. ల్యాప్‌టాప్ మళ్లీ అంది, ఆయ్.

రేడియో పని నేర్చుకునేవాడికి మొదటి రోజు చెప్పే మాట ఒకటుంది. ఏదైనా కొత్త చప్పుడు వినపడితే ముందు ఏరియల్ పీకి విను. అప్పుడు పోతే అది బయటిది, పోకపోతే నీ పెట్టెలోదే. దీన్నే సభల్లో పెళ్లాం మాట మీద పెట్టి చెప్పి చప్పట్లు కొట్టించుకున్నవాణ్ణి. డాబా మీద ఆ రోజు తీగ పీకడానికి ఎంతసేపు పట్టేది? పీకలేదు. వినపడింది నాకు కావలసిన మాట. కావలసిన మాట వినపడ్డాక తీగ పీకేవాడెవడు? తర్వాత డబ్బా కూడా తీసేసి, ల్యాప్‌టాప్ తనంతట తాను పుట్టించే ఉత్త గరగర, ఒట్టి అంకెల దుమ్ము, అది పోశాను బ్లాకులో. ఆయ్, అంది. వత్తన్నా, అంది. ఎంత పోస్తే అంత. బుల్లిరాజు రోజంతా వస్తూనే ఉన్నాడు.

మాది బండారులంక. మా నాన్న మగ్గం నేశాడు, నేను రేడియో బ్యాండ్లలో పడ్డాక దాన్ని బ్యాండారులంక చేశానని ఊళ్లో చెప్పుకుంటాను. మగ్గం పైన జకార్డు అట్టలుంటాయి, అట్టలకి కన్నాలు. కన్నాలు నెమలికి కొట్టి ఉంటే తెల్ల నూలు పోసినా ఎర్ర నూలు పోసినా కొంగు మీద నెమలే దిగుతుంది. ఆ నూలు ఎప్పుడూ నెమలిని చూసి ఉండక్కర్లేదు. చిన్నప్పుడు మగ్గం గోతి అంచున కూర్చుని ఇది కొన్ని వేలసార్లు చూశాను. చూసీ, గొంతు ఆకారానికి కన్నాలు కొట్టిన అట్ట ఒకటి తయారు చేసి, దాంట్లో గరగర పోసి, దిగింది చూసి, మనిషి దొరికాడని మెట్ల మీద పరిగెత్తాను. మా నాన్న ఉంటే ఏమనేవాడో. ఏమీ అనేవాడు కాదు, మగ్గం మీద నాడె ఆపి నావైపు ఒకసారి చూసి మళ్లీ నేసేవాడు.

రాజోలు బస్టాండులో ఫోన్ మోగింది. కొండబాబు.

"ఎక్కడున్నారండీ?"

"రాజోలు."

"పెద్దోళ్లంతా వచ్చేసేరండీ. దర్బలతో బొమ్మ కట్టేసేరు. మా మరదలు ససేమిరా అంటందండీ. ఆయన మాటాడేరు, నేనిన్నాను, బతికున్న మనిషికి నిప్పెడతారా అని గుమ్మంలో అడ్డంగా కూకుంది. ఆకరికేమందంటే, అన్నయ్యగారు వచ్చి కాదంటే అప్పుడు ఆయన పేరున నీళ్లోసుకుంటాను, అంది. మీరే చెప్పాలండి ఇంక. ఆయ్, వింటన్నారాండీ?"

"వింటున్నాను" అన్నాను. తీగ ఉంది, మనిషి ఉన్నాడు, సిగ్నల్ ఉంది, ఇది నిజమైన మాట. పెట్టేశాడు.

శవం దొరకనివాళ్లకి దర్భలతో మనిషిని కట్టి దహనం చేస్తారు. వాళ్లు గడ్డితో చేశారు, నేను గరగరతో చేశాను. వాళ్లది కనీసం కాలుతుంది. మలికిపురం పోయింది, కొబ్బరి దింపులవాళ్లు రోడ్డు పక్క కాయలు రాశి పోస్తున్నారు, కాయ మీద కాయ పడుతున్న చప్పుడు, అందులోనూ ఏదో మాట వెతకబోయింది చెవి, కిటికీ అద్దం లాగేశాను. చెప్పకపోతే ఏమవుతుంది అని ఆలోచించి చూశాను, చూడడానికి బాగానే ఉంది. అవునమ్మా, బతికే ఉన్నాడేమో అంటే, దర్భబొమ్మ అలా ఎండుతుంది, వీరలక్ష్మి రోజూ ఒక మనిషికి ఎక్కువ వండుతుంది, కొండబాబు రోజూ పడవ తీస్తాడు, ఇంకో వాయుగుండం వస్తుంది, కొండబాబు మాటలు కూడా నా ఫోన్లో ఉన్నాయి. ఉన్నదున్నట్టు చెప్పేసి వచ్చెయ్యండి. భవాని ఎంత తేలిగ్గా అంది. ఉన్నది ఉంటే ఉన్నట్టు చెప్పొచ్చు. లేనిది ఉన్నట్టు చెప్పాక, లేనట్టు ఎలా చెప్పడం? ఇదీ మాటల గారడీయే. బ్రేకు పడింది. ఉప్పుగాలి. దిగాను.

ఇంటి ముందు టార్పాలిన్ కట్టారు. కింద నలుగురైదుగురు పెద్దలు ప్లాస్టిక్ కుర్చీల్లో. పక్కన చాప మీద దర్భబొమ్మ, మనిషంత పొడుగు లేదు, చంటిపిల్లవాడంత. వీరలక్ష్మి గుమ్మంలో కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది.

"వచ్చేరా అన్నయ్యగారూ. ఎండలో వచ్చేరు, మజ్జిగ తాగుతారా?"

"తర్వాత తాగుతానమ్మా."

"అయితే పెట్టండి. ఈళ్లని కూడా విననివ్వండి. నేను పిచ్చిదాన్నని అంటన్నారు."

అరుగు మీద ల్యాప్‌టాప్ తెరిచాను. డబ్బా గుచ్చాను. ఏరియల్ తీగ చుట్ట ఎడమ చేతిలో పట్టుకున్నాను, పట్టుకునే ఉన్నాను. స్పీకరు పెంచాను. గరగర వచ్చింది, పెద్దలు ముందుకి వంగారు, ఎవరో పిల్లాణ్ణి నోరు మూసుకోమన్నారు. చాలాసేపు గరగరే. రాకపోతే బాగుండునని అనుకున్నాను, వస్తే బాగుండునని కూడా అనుకున్నాను, రెండింటికీ తేడా తెలియలేదు.

ఆయ్.

కొండబాబు ఉన్నచోటే కూలబడ్డాడు. లోపల ఎవరో ఆడమనిషి గొల్లుమంది.

వత్తన్నా.

"ఇన్నారా!" అంది వీరలక్ష్మి పెద్దలవైపు తిరిగి. "ఇన్నారా, ఇప్పుడు కూడా అంటన్నారు!"

"అమ్మా, ఇటు చూడు." చేతిలో తీగ పైకెత్తాను. "ఇది పెట్టలేదు."

"మర్చిపోయేరా? పెట్టండి మరి."

"మర్చిపోలేదు. ఇది లేకపోతే దీనికి గాల్లోంచి ఏమీ రాదు. దీని చెవులివి. చెవులు నా చేతిలో ఉన్నాయి."

ఆమె తీగ చూసింది, డబ్బా చూసింది, డబ్బాకి తీగ తగలాల్సిన కన్నం చూసింది.

"మరాయన మాట ఎక్కణ్ణించొస్తందండీ?"

"లోపల్నించి. గరగరలో బుల్లిరాజు గొంతులాంటిది ఏ కాస్త ఉన్నా ఎత్తి చూపించమని నేను రాసేను. అది గరగరనే ఆ గొంతు చేసి చూపిస్తోంది. ఆవేళ నీకు వినిపించిందీ ఇదే. తీగ పీకి చూడాల్సింది నేను. చూడలేదు."

కొండబాబు నేలమీంచే తలెత్తాడు. "గురువుగారండీ," అన్నాడు, కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామన్నట్టు, "ఇది కూడా మీ పరాచికమేనాండీ?"

"కాదు కొండబాబూ."

"అంటే, ఇన్నాళ్లూ మేం పడవలేసుకెళ్లింది..." అని, ఆ మాట అక్కడే వదిలేశాడు.

స్పీకరు మళ్లీ ఆయ్ అంది. ఆపాలి. మీట ఎక్కడుందో నా చేతికి తెలియలేదు, నేను రాసుకున్న తెర మీద నా గళ్లలో నాకే దారి దొరకలేదు. వీరలక్ష్మి దగ్గరికొచ్చి వంగి, ఆ శబ్దం వస్తున్న చోట చెవి పెట్టి ఇంకోసారి విన్నది. వత్తన్నా. ఇంకోసారి విన్నది. ఆమె మొహంలో ఆ మొదటి రోజు కనబడింది ఇప్పుడు లేదు, ఏమీ లేదు, నా మొహం కూడా బయటికి అలాగే కనబడుతూ ఉండాలి.

"ఇయ్యి ఆయన మీకు ఫోన్లో పంపిన మాటలాండీ?"

"వాటిని చూసి నేర్చుకున్నదమ్మా. అవి కావు."

"అయ్యీ కాదా."

"కాదు."

తల ఊపింది. నెమ్మదిగా ల్యాప్‌టాప్ మూత మూసింది, అన్నం గిన్నె మీద మూత పెట్టినట్టు. గరగర ఆగింది. సముద్రం చప్పుడు వినబడింది, అంతసేపూ ఉండే ఉంటుంది. లోపలికి చూసి, "అత్తా, నీళ్లు తోడండి," అంది. ఆడవాళ్లు కదిలారు. ఒక పెద్దాయన లేచి దర్భబొమ్మ దగ్గరికి నడిచాడు. కొండబాబు లేవలేదు.

నాకు ఏదో ఒకటి అనాలనిపించింది, ఏదైనా. "ఇది మొత్తం చెరిపేస్తానమ్మా," అన్నాను. "ఇవాళే చెరిపేస్తాను."

"ఎందుకండీ," అంది వీరలక్ష్మి. "మా ఆయన మాటైతే నాకిమ్మని అడుగుదును. మీదే కదండీ. మీ కాడే ఉంచుకోండి."

అని, జుట్టు ముడి విప్పుకుంటూ లోపలికి వెళ్లింది.